ఆ చెయ్యి అంతకుముందు ఎక్కడుంది?

తొలకరి పడిన దగ్గర్నుంచి ఈ శీర్షికకు వస్తున్న ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాంతులు, విరేచనాలు, కళ్ళకలకల గురించే. కొత్తగా చదువుతున్నవారి కోసం నా గురించి రెండు మాటలు. నేను 33 ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. చివరి తొమ్మిదేళ్ళు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ చూశాను. వార్డుల్లో తిరుగుతూ ఎవరి చెయ్యి ఎక్కడ తగిలింది, అక్కడ్నుంచి ఎక్కడికి వెళ్ళింది అని కనిపెట్టడమే ఆ ఉద్యోగం. రిటైరయినా ఆ చూపు పోలేదు. మీ ఉత్తరాలు చదివేటప్పుడు కూడా ముందు చేతుల కోసమే వెతుకుతాను.

ప్రశ్న: సిస్టర్ గారూ, మాది ఆరుగురు మనుషుల ఇల్లు. పోయిన నెల ముందు మా చిన్నవాడికి వాంతులు, నీళ్ళ విరేచనాలు అయ్యాయి. రెండు రోజులకు నాకు, ఆ తర్వాత మామయ్యగారికి, ఆయన తేరుకునేసరికి పెద్దమ్మాయికి. రోజూ రెండుసార్లు ఫినాయిల్ వేసి ఇల్లు తుడుస్తాం. తాగేది టిన్ను నీళ్ళు. బయట తిండి తినం. ఇంత శుభ్రంగా ఉన్నా ఎందుకిలా? వంటింట్లో మా అత్తయ్యగారు అన్నిటికీ ఒకే మసిగుడ్డ వాడతారు. ఏమైనా అంటే చిన్నబుచ్చుకుంటారు.
– ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, నేల గురించి రాశారు, నీళ్ళ గురించి రాశారు, తిండి గురించి రాశారు. చేతుల గురించి ఒక్క మాట కూడా లేదు. మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. నేల తళతళలాడుతుంటే మనసుకు నిమ్మళంగా ఉంటుంది, ఎవరికైనా అంతే. కానీ నేల మీద ఆనించిన చేతిని నోట్లో పెట్టుకునేది పాకే వయసు పిల్లలే. మీ ఆరుగురి చేతులూ రోజంతా తిరిగేది ఫ్రిజ్ పిడి మీద, స్విచ్చుల మీద, ఫోను మీద, బాత్రూమ్ గడియ మీద. వాటిని ఫినాయిల్‌తో ఎవరూ తుడవరు.

ఆ మొదటి రాత్రి జరిగింది ఒకసారి గుర్తుచేసుకోండి. చిన్నవాడు పక్క మీద వాంతి చేసుకున్నాడు. మీరు లేచి దుప్పటి తీశారు, వాడి మూతి తుడిచారు, బాత్రూమ్ లైటు వేశారు, కుళాయి తిప్పారు. చెయ్యి శుభ్రంగా కడుక్కున్నారు. అదే కుళాయి కట్టేశారు. కడగకముందు పట్టుకున్న కుళాయి అది. కడిగిన చేతికి మళ్ళీ అంటింది. తెల్లారి అదే కుళాయి మామయ్యగారు తిప్పారు. ఇలా ఒకరి తర్వాత ఒకరికి రోజు, రెండు రోజుల తేడాతో పాకే వాంతుల వైరస్‌లకు ఇది రాజమార్గం. కొన్నిటికి కంటికి కనిపించనంత మరక చాలు.

కాబట్టి ఇంట్లో ఒకరికి మొదలయిన రోజున నేల సంగతి తర్వాత చూసుకోండి. చెయ్యి కడుగుతున్నప్పుడు ఆ సబ్బు నురగతోనే కుళాయి పిడిని కూడా రుద్ది, నీళ్ళు పోసి కట్టెయ్యండి. అలవాటైతే రెండు సెకన్ల పని. వాంతి పడిన చోట ముందు పాత గుడ్డతోనో కాగితంతోనో ఎత్తేసి, సంచిలో మూతి కట్టి పారెయ్యండి. ఆ తర్వాత లీటరు నీళ్ళకు సుమారు 15 గ్రాములు, అంటే నిండుగా ఒక పెద్ద చెంచా బ్లీచింగ్ పౌడర్ కలిపి, ఆ నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచి తుడవండి. చేతికి తొడుగు వేసుకోండి, కిటికీ తీసి ఉంచండి. డబ్బా మూత లేకుండా నెలల తరబడి పడి ఉన్న పౌడర్‌లో పస ఉండదు, అది చూసుకోండి.

ఇంకొక్కటి, ఇది చాలామందికి తెలియదు. వాంతులు, విరేచనాలు తగ్గిన మనిషి మరో రెండు రోజులైనా వంటకు, వడ్డనకు దూరంగా ఉండాలి. ఒంట్లో బాగున్నా క్రిమి ఇంకా బయటికి వస్తూనే ఉంటుంది. మీరు కొంచెం కోలుకోగానే పొయ్యి దగ్గరికి వెళ్ళి ఉంటారు. తల్లి కదా, ఇంకెవరు చేస్తారు అనుకుని ఉంటారు. ఈసారి ఆ రెండు రోజులు మీవారిని గరిటె పట్టమనండి.

టిన్ను నీళ్ళ మాట. నీళ్ళు మంచివే అనుకుందాం. మూత తీసి డిస్పెన్సరు మీద బోర్లించేటప్పుడు టిన్ను మూతి చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంటున్నారా? బిందెలో పోసుకుంటే, గ్లాసు ముంచినప్పుడు నాలుగు వేళ్ళూ నీళ్ళలోకి దిగుతున్నాయా? పొడుగు కాడ ఉన్న గరిటె ఒకటి బిందె పక్కన వేలాడదీయండి. కుళాయి ఉన్న స్టీలు బిందె అయితే మరీ మంచిది.

ఇక మసిగుడ్డ. వేడి గిన్నె దించేదీ అదే, గట్టు తుడిచేదీ అదే, కడిగిన కంచాలు తుడిచేదీ, తడి చెయ్యి తుడుచుకునేదీ అదే అయితే ఇంట్లో అందరి చేతులూ ఆ గుడ్డ దగ్గర కలుసుకుంటున్నట్టే. తడిగా, ముద్దగా ఉన్న గుడ్డలో క్రిములు గంటగంటకూ పెరుగుతాయి. ఆరిపోతే చాలావరకు పెరగలేవు. మీ అత్తయ్యగారితో గుడ్డ మురికిగా ఉందని అనకండి. బీరువాలో పాతబడిన నూలు చీర ఒకటి ఉంటుంది. "అత్తయ్యా, ఇది చించి మసిగుడ్డలు చేసిపెట్టరా, మీరు చేస్తే కొలతగా ఉంటాయి" అని ఆవిడ చేతికే ఇవ్వండి. ఒక చీరకు చాలా వస్తాయి. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వాడినవన్నీ ఒక గిన్నెలో వేసి పది నిమిషాలు నీళ్ళు మరిగించి ఎండలో ఆరెయ్యాలి. కంచాలు తుడిచే గుడ్డ మాత్రం వేరుగా ఉండాలి. మా అత్తగారికి నేను ఇలాగే చెప్పాను. తర్వాత ఆవిడే ఇరుగుపొరుగు వాళ్ళకి కుట్టి ఇచ్చేవారు.

ఒక్కరోజు మీ ఇంట్లో భోజనాల వేళ గమనించండి. తినబోయే ముందు చేతుల మీద నాలుగు చుక్కలు చల్లుకుంటాం. తిన్న తర్వాత పప్పు, నెయ్యి అంటిన చేతిని సబ్బు పెట్టి రుద్ది రుద్ది కడుగుతాం. జిడ్డు కనిపిస్తుంది, క్రిమి కనిపించదు, అందుకని. సబ్బు కావాల్సింది మొదటిసారి.

చిన్నవాడికి మళ్ళీ విరేచనాలు పట్టుకుంటే లీటరు నీళ్ళకు సరిపడే ఓఆర్ఎస్ పాకెట్ మొత్తం ఒకేసారి లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో కలపండి. కాస్త పొడి, కాసిని నీళ్ళు అని అందాజుగా కలపకూడదు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు ఇస్తారు, విరేచనాలు ముందే ఆగినా మానకూడదు. మందుల షాపులో కొనేటప్పుడు పాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చదవండి. తీపి పానీయాలకు కూడా ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మేవారు. మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పట్టు విడవకుండా పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజు నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ తీపి నీళ్ళు తాగి ఇంకా నీరసపడి వార్డుకొచ్చిన పిల్లల్ని ఎత్తుకున్నదాన్ని నేను.

ప్రశ్న: బాత్రూమ్‌లో క్రిములు బాగా చావాలని బ్లీచింగ్ పౌడర్ చల్లి, దాని మీద టాయిలెట్ కడిగే యాసిడ్ పోశాను. ఒక్కసారిగా ఘాటు వాసన వచ్చి దగ్గు ఆగలేదు, కళ్ళు మండిపోయాయి. ఎందుకలా అయింది?
– ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఆ రెండూ కలిస్తే క్లోరిన్ విషవాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది ప్రాణాల మీదికి తెస్తుంది. మీరు బయటికి రాగలిగారు, అది చాలు. ఇంకెప్పుడూ రెండూ కలపకండి. ఒకటి వాడిన రోజున రెండోది ముట్టుకోకండి. ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా చెప్పండి, ఎందుకంటే ఈ పని ఎక్కువగా ఆమెకే అప్పజెబుతాం. పొరపాటున ఎవరికైనా ఇలా అయితే వెంటనే ఆరుబయటికి తీసుకురండి. ఆయాసం గానీ, ఆగని దగ్గు గానీ ఉంటే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

ప్రశ్న: అక్కా, నేను ఆటో నడుపుతా. పొద్దున ఆరింటికి ఎక్కితే రాత్రి తొమ్మిదింటికి దిగుతా. నీళ్ళు ఎక్కడ దొరుకుతయి? సానిటైజర్ డబ్బా ఒకటి పెట్టుకున్న. అది సరిపోతదా?
– ఆటో డ్రైవర్, వరంగల్

జవాబు: తమ్ముడూ, సానిటైజర్ కొన్నిటికి సరిపోతుంది, కొన్నిటికి సరిపోదు. డబ్బా మీద ఆల్కహాల్ 60 శాతానికి తగ్గకుండా ఉందో చూడు. అరచేతి నిండా పోసుకుని, వేళ్ళ సందుల్లో, గోళ్ళ దగ్గర కూడా తడి తగిలేలా, ఆరేదాకా రుద్దాలి. ఒక చుక్క వేసుకుని రెండు చేతులూ దులిపేస్తే పని జరగదు. జలుబు, ఫ్లూ వైరస్‌ల మీద ఇది బాగా పనిచేస్తుంది. చేతికి గ్రీజు, మట్టి, చెమట జిడ్డు ఉంటే మాత్రం లోపలికి దిగదు. వాంతులు, విరేచనాలు తెచ్చే కొన్ని వైరస్‌ల మీద కూడా దీని బలం తక్కువ. వాటిని సబ్బుతో రుద్ది, నీళ్ళతో కొట్టుకుపోయేలా చెయ్యాలి.

అందుకని సీటు కింద ఒక లీటరు నీళ్ళ సీసా, చిన్న డబ్బాలో సబ్బు ముక్క పెట్టుకో. తాగే సీసా వేరు, చేతుల సీసా వేరు. సీసా మూతకు సూదితో నాలుగు చిల్లులు పొడిస్తే సన్నగా ధార వస్తుంది. లీటరు నీళ్ళు రోజంతా వస్తాయి. టీ దగ్గర ఆగినప్పుడు, మిర్చి బజ్జీ తినే ముందు వాడుకో.

సానిటైజర్ గొడవ కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకోటి ఉంది. వేలు నాలుకకు తడి చేసుకుని నోట్లు లెక్కపెట్టడం. నువ్వు చేస్తావో లేదో తెలియదు గానీ ఆటో స్టాండ్‌లో, బస్సులో, కిరాణా కొట్లో రోజూ చూస్తాను. ఆ నోటు పొద్దున్నుంచి ఎన్ని చేతులు మారి వచ్చిందో ఆలోచించు. చిల్లర డబ్బాలో తడి స్పాంజి ముక్క పెట్టుకుంటే పోతుంది కదా. నీ స్టాండ్‌లో మిగతా వాళ్ళకీ చెప్పు.

ప్రశ్న: కళ్ళకలక వచ్చినవాళ్ళ కళ్ళల్లోకి చూస్తే మనకూ వస్తుందంటారు. మా హాస్టల్ గదిలో ఇద్దరికి వచ్చింది. నేను నల్లద్దాలు పెట్టుకుని తిరుగుతున్నాను.
– ఇంటర్ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: చూపుతో రాదు తల్లీ. వాళ్ళు కన్ను నలుపుకున్న చెయ్యి తలుపు మీదికి, అక్కడ్నుంచి నీ చేతికి, అక్కడ్నుంచి నీ కంటికి, అలా వస్తుంది. 2023 వానల్లో మన రెండు రాష్ట్రాల్లోనూ హాస్టళ్ళను చుట్టేసింది ఇలాగే. నల్లద్దాలు తీసెయ్యి. తువ్వాలు, దిండు గలీబు, కాటుక ఎవరితోనూ పంచుకోకు. కళ్ళు ముట్టుకునే ముందు, ముట్టుకున్న తర్వాత సబ్బుతో చేతులు కడుక్కో. నీకూ వస్తే స్నేహితురాలి చుక్కల మందు వేసుకోకు. స్టెరాయిడ్ ఉన్న చుక్కలు డాక్టరు చూడకుండా వాడితే చూపుకే ప్రమాదం.

ప్రశ్న: మా నాన్నకు టీబీ అని తేలింది. మందులు మొదలై నెల అయింది. చుట్టాలు చెప్పారని ఆయన కంచం, గ్లాసు, చెంబు వేరు చేశాం. అప్పట్నుంచి మాతో కూర్చుని తినడం మానేశాడు. నాలుగేళ్ళ నా కూతుర్ని దగ్గరికి రానివ్వడు. మేం చేసింది సరైనదేనా?
– ఒక కొడుకు, ఖమ్మం జిల్లా

జవాబు: ఈ ఉత్తరం అందిన రోజే జవాబు పోస్టులో పంపాను. ఇలాంటి ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయని ఇక్కడ కూడా రాస్తున్నాను.

బాబూ, కంచం ఈ రోజే కలిపెయ్యండి. ఊపిరితిత్తుల టీబీ కంచం వల్ల, గ్లాసు వల్ల, బట్టల వల్ల, ముట్టుకోవడం వల్ల రాదు. దగ్గినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు గాలిలోకి వచ్చే సన్నటి తుంపరల్ని పక్కవాళ్ళు పీల్చితే వస్తుంది. తలుపులు మూసిన గదిలో ఆ తుంపరలు గంటల తరబడి గాలిలోనే తేలుతుంటాయి. మనం ఎంగిలికి భయపడి కంచం వేరు చేస్తాం, ఆయన పడుకునే గది కిటికీ మాత్రం దోమలొస్తాయని మూసేస్తాం. మీ ఇంట్లో అలా ఉందేమో చూడండి. ఉంటే కిటికీకి దోమల వల కొట్టించి తెరిచి పెట్టండి. ఎదురుగా తలుపు కూడా తెరిస్తే గాలి ఇటు నుంచి అటు పోతుంది. ఈ రోగానికి మీరు ఇంట్లో చెయ్యగల శుభ్రం అన్నింటికంటే ముందు గాలి శుభ్రం.

దగ్గు వచ్చినప్పుడు నోటికి రుమాలు అడ్డుపెట్టుకోమనండి. కళ్ళె కింద ఉమ్మకుండా, మూత ఉన్న డబ్బాలో ఫినాయిల్ కలిపిన నీళ్ళు పోసి అందులో ఉమ్మమనండి. సరైన మందులు రోజూ పడుతుంటే మొదటి రెండు వారాల్లోనే అంటించే గుణం బాగా పడిపోతుంది. నెల అయిందంటున్నారు కాబట్టి కళ్ళె పరీక్ష ఎప్పుడు చెయ్యాలో, పాపను ఎప్పుడు ఎత్తుకోవచ్చో టీబీ సెంటర్‌లోనే అడిగి, ఆ మాట ఆయనకు డాక్టరు నోటితోనే చెప్పించండి. మీరు చెబితే నమ్మడు, తన వల్ల పాపకు వస్తుందని భయం. పాపకు, ఇంట్లో మిగతా అందరికీ పరీక్ష చేయించండి. టీబీ లేదని తేలితే రాకుండా ఉండేందుకు మందు ఇస్తారు, చిన్నపిల్లలకు అది మరీ ముఖ్యం. మందులు ఉచితం. తిండి కోసం నిక్షయ్ పోషణ్ పథకం కింద నెలకు 1,000 రూపాయల చొప్పున ఆయన బ్యాంకు ఖాతాలో పడాలి. పడుతున్నాయా? లేకపోతే అడగండి.

నేను చేసిన వార్డుల్లో టీబీ తగ్గి కూడా ఇంటికి వెళ్ళనని మంచం పట్టుకుని కూర్చున్నవాళ్ళు ఉండేవాళ్ళు. "ఇంటికెళితే మళ్ళీ ఆ సత్తు కంచమే కదమ్మా" అన్నాడొకాయన. మీ నాన్నకు ఈ రాత్రి మీ పక్కనే వడ్డించండి.

ప్రశ్న: నేను అంగన్‌వాడీ టీచర్ని. కొండ మీద ఊరు. 22 మంది పిల్లలు. కేంద్రంలో కుళాయి లేదు, బిందెలతో మోసుకొస్తాం. సబ్బు బయట పెడితే కాకి ఎత్తుకుపోతుంది, లేదా పిల్లలు నీళ్ళ బకెట్‌లో పడేసి కరిగించేస్తారు. గుడ్డు తినేముందు ఒకే బకెట్‌లో అందరూ చేతులు ముంచుతారు. ఏం చెయ్యను?
– పాడేరు దగ్గర్నుంచి

జవాబు: అందరూ ఒకే బకెట్‌లో చేతులు ముంచితే మొదటి పిల్ల చేతిది 22వ పిల్ల చేతికి చేరుతుంది. మీకు అది తెలుసు కాబట్టే రాశారు. దీనికి డబ్బు అక్కర్లేదు, ఐదు లీటర్ల ఖాళీ నూనె డబ్బా చాలు.

డబ్బాను సబ్బుతో బాగా కడగండి. మూతికి కాస్త కింద, పిడికి ఎదురు వైపున, కాల్చిన మేకుతో ఒక చిల్లు పొడవండి. రెండు పంగల కర్రలు పాతి, వాటి మధ్య అడ్డంగా ఒక కర్ర వేసి, డబ్బాను పిడి దగ్గర ఆ కర్రకు దూర్చండి. డబ్బా మెడకు తాడు కట్టి, కిందికి వదిలి, నేల మీద ఒక పొట్టి కర్రకు కట్టండి. పిల్లలు ఆ కర్రను కాలితో నొక్కితే డబ్బా వంగి సన్నగా ధార పడుతుంది, కాలు తీస్తే నిలబడిపోతుంది. చెయ్యి దేన్నీ ముట్టుకోదు. తెనాలి ఉత్తరంలో చెప్పిన కుళాయి బాధ ఇక్కడ లేదు. ఒక్కో పిల్లకు అర గ్లాసు నీళ్ళు సరిపోతాయి, మోత తగ్గుతుంది. కింద గులకరాళ్ళు పోస్తే బురద కాదు.

సబ్బును ఉల్లిపాయల వల సంచి ముక్కలో పెట్టి మూతి ముడేసి, అదే అడ్డకర్రకు గట్టిగా వేలాడదీయండి. వలతోనే రుద్దుకుంటారు, కాకికి అందదు. సబ్బుకు డబ్బుల్లేని నెలలో లీటరు సీసాలో రెండు చెంచాల బట్టల సబ్బు పొడి కలిపి పెట్టుకోండి. ఒక్కో చేతికి కాసిని చుక్కలు వేస్తే నురగ వస్తుంది. తుడుచుకోవడానికి అందరికీ ఒకే తువ్వాలు పెట్టకండి, గాలికే ఆరనివ్వండి.

ఈ ఏర్పాటు నేను పల్స్ పోలియో డ్యూటీకి వెళ్ళిన ఒక ఊళ్ళో చూశాను. అక్కడి టీచరమ్మ కర్ర నొక్కే పని రోజుకొక పిల్లకు అప్పజెప్పేది. తమ వంతు కోసం పిల్లలు పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్ళు. శనివారం గోళ్ళు కత్తిరించండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర ఒక్క పిల్లకు కూడా తప్పిపోకూడదు. ఆ రోజు రానివాళ్ళకు తర్వాత మళ్ళీ ఇస్తారు.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటాం. వచ్చే నెల నాకు డెలివరీ. అమ్మ గుంటూరు నుంచి వస్తోంది. పాపను చూడబోయేవాళ్ళంతా కోరింత దగ్గు టీకా వేసుకోవాలని, ముద్దులు పెట్టకూడదని ఇక్కడి డాక్టరు చెప్పారు. ఆ మాట అంటే అమ్మకు కోపం వచ్చింది. "ముగ్గుర్ని పెంచాను, నన్ను రోగిష్టిదాన్ని చేశారా?" అంటోంది.
– కాబోయే తల్లి

జవాబు: అమ్మను రోగి అనడం లేదని ముందు నువ్వు గట్టిగా అనుకో, అప్పుడు నీ మాటలో అది వినిపిస్తుంది. కోరింత దగ్గు పెద్దవాళ్ళలో మామూలు మొండి దగ్గులా ఉండి పోతుంది. నెలల పాపకు అదే వస్తే ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. పాపకు మొదటి టీకా పడేవరకు రక్షణ చుట్టూ ఉన్నవాళ్ళే. గర్భిణిగా నీకు వేసిన టీకా కూడా పాపకు కొంత కాపు కాస్తుంది. అమ్మ పాపను ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందు టీడాప్ టీకా వేయించుకోవాలి. గుంటూరులోనే వేయించుకుని విమానం ఎక్కితే సరిపోతుంది.

ముద్దు సంగతి. పెదవి మీద పొక్కు ఉన్నవాళ్ళు పురిటి బిడ్డను ముద్దు పెట్టుకుంటే ఆ వైరస్ బిడ్డ మెదడు దాకా వెళ్ళగలదు. అందుకే అంత పట్టింపు.

అమ్మకు డాక్టరు చెప్పాడని చెప్పకు. అమ్మమ్మను గుర్తుచెయ్యి. బయటి నుంచి వచ్చినవాళ్ళు కాళ్ళూ చేతులూ కడుక్కోనిదే పురిటిగదిలోకి అడుగు పెట్టనిచ్చేవాళ్ళా? మా ఇంట్లో గడప దగ్గర చెంబుతో నీళ్ళు పెట్టి ఉండేవి. ఆ గడప దగ్గర నిలబడి అందరికీ చెప్పే పెద్దరికం అమ్మకే ఇవ్వు. అక్కడి మీ స్నేహితులు వస్తే చేతులు కడిగించే పని ఆవిడదే. పాప పాదాలకు ముద్దు పెట్టుకోమను.

ప్రశ్న: నేను బీఎస్సీ నర్సింగ్ మూడో ఏడు. క్లాసులో చేతుల శుభ్రం గురించి నేర్పుతారు. వార్డులో పెద్ద డాక్టర్లు, సీనియర్ సిస్టర్లు ఒక బెడ్ నుంచి ఇంకో బెడ్‌కి అలాగే వెళ్ళిపోతారు. నేను కడుక్కోవడానికి ఆగితే "త్వరగా రా" అంటారు. చెప్పే ధైర్యం లేదు.
– ఊరి పేరు రాయవద్దన్న విద్యార్థిని

జవాబు: నీకు ముందు వియన్నా సంగతి చెప్పాలి. 1847లో అక్కడి పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. ఒకటి మంత్రసానులు చూసేది, రెండోది డాక్టర్లు, వైద్య విద్యార్థులు చూసేది. డాక్టర్ల విభాగంలో బాలింతలు జ్వరంతో ఎక్కువగా చనిపోయేవారు. అక్కడ చేర్చవద్దని గర్భిణులు కాళ్ళావేళ్ళా పడేవారట. ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే యువ డాక్టరు కారణం పట్టుకున్నాడు. వాళ్ళు శవపరీక్ష గదిలో పనిచేసిన చేతులతో నేరుగా కాన్పు గదికి వస్తున్నారు. సున్నంలో క్లోరిన్ కలిపిన నీళ్ళతో చేతులు కడుక్కోమని మే నెలలో కట్టడి చేశాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది చనిపోయిన చోట జూన్‌లో సుమారు ఇద్దరు. క్రిమి అనే సంగతే అప్పటికి ఎవరికీ రుజువు కాలేదు. అయినా పెద్దలు చాలామంది ఒప్పుకోలేదు. డాక్టరు చెయ్యి వల్ల మనిషి చస్తుందా అని. ఆయన 1865లో 47 ఏళ్ళకే, పిచ్చాసుపత్రిలో, పుండు సెప్టిక్ అయి పోయాడు.

నీ భయం కొత్తది కాదని చెప్పడానికి ఇది రాశాను. ఇప్పుడు నాది. ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు, పసిపిల్లల వార్డులో నైట్ డ్యూటీ. 26 మంది బిడ్డలు, నేనొక్కదాన్నే. సింకు వార్డు ఆ చివర ఉండేది. ఒక బిడ్డ బొడ్డు దగ్గర చీము తుడిచాను. పక్క ఉయ్యాలలో బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే అలాగే ఎత్తుకున్నాను. రెండు రోజులకు ఆ బిడ్డ బొడ్డు ఎర్రబడింది, జ్వరం వచ్చింది. 19 రోజులు సెలైను, ఇంజెక్షన్లు. బతికింది. నా చెయ్యి వల్లే అని ఏ కాగితంలోనూ ఎవరూ రాయలేదు. డిశ్చార్జి రోజు ఆ తల్లి నాకు అరడజను బత్తాయిలు తెచ్చి చేతిలో పెట్టి కళ్ళకద్దుకుంది. నేను వాటిని తినలేకపోయాను.

తర్వాత సింకు దాకా నడిచే టైమ్ లేదని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు మీకు అంత నడక కూడా అక్కర్లేదు, బెడ్ దగ్గరే చేతికి రాసుకునే రబ్ సీసాలుంటాయి. రోగిని ముట్టుకునే ముందు, శుభ్రంగా చెయ్యాల్సిన పనికి ముందు, రక్తం, చీము వంటివి తగిలే పని తర్వాత, రోగిని ముట్టుకున్న తర్వాత, రోగి మంచం చుట్టూ ఉన్నవి ముట్టుకున్న తర్వాత. ఈ ఐదు వేళలూ నీకు క్లాసులో చెప్పే ఉంటారు. రబ్ అయితే 20 నుంచి 30 సెకన్లు. సబ్బూ నీళ్ళయితే మొత్తం 40 నుంచి 60.

పెద్దవాళ్ళకు చెప్పడం గురించి అడిగావు. నోటితో చెప్పకు. రౌండ్స్‌లో సీసా నీ చేతిలో పట్టుకో. ఒక బెడ్ దగ్గర పని కాగానే ముందు నువ్వు రాసుకుని, "సార్" అని సీసా ఆయన వైపు చాపు. చాపిన సీసాను కాదని తోసేసిన డాక్టరును నేను తొమ్మిదేళ్ళలో ఇద్దరినే చూశాను. నాలుగో రోజుకు వాళ్ళే చెయ్యి చాపుతారు. ఎవరైనా విసుక్కుంటే ఆ మాట నాకు రాయి, జవాబు రాస్తాను.

ప్రశ్న: అమ్మమ్మా, నేను నాలుగో తరగతి. చేతులు ఎంతసేపు కడుక్కోవాలి? కడిగింది సరిగ్గా పోయిందో లేదో ఎలా తెలుస్తుంది?
– రాజమండ్రి నుంచి ఒక పాప

జవాబు: బంగారూ, సబ్బు రుద్దుతూ ఏడో ఎక్కం నిదానంగా చదువు. ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్ళు పద్నాలుగు, అలా పది దాకా. 20 సెకన్లు అవుతుంది.

రెండో ప్రశ్నకు ఒక ఆట చెబుతాను. ఆదివారం పాత గౌను వేసుకుని, చేతులకు రెండు చుక్కల నూనె, చిటికెడు పసుపు రాసుకో. తర్వాత నీళ్ళు చాలా కొంచెం పోసుకుని సబ్బు బిళ్ళతో ఎప్పట్లాగే రుద్దుకుని, కడిగెయ్యకుండా ఆగి చూడు. సబ్బు తగిలిన చోట పసుపు ఎర్రగా మారుతుంది, పారాణి కోసం పసుపులో సున్నం కలిపితే మారినట్టే. ఎక్కడ పసుపు ఇంకా పచ్చగా ఉందో అక్కడికి నీ సబ్బు వెళ్ళలేదన్నమాట. బొటనవేలి వెనక, గోళ్ళ చుట్టూ, వేళ్ళ సందుల్లో వెతుకు. కాగితం మీద రెండు చేతుల బొమ్మ గీసి, పచ్చగా మిగిలిన చోట్ల రంగు వేసి నాకు పంపు. అమ్మ చేతులవి, తాతయ్య చేతులవి కూడా.